రెండు కవర్లు, ఒకే నిమిషం

ఫ్యాక్టరీ క్వార్టర్లు,
జూన్ 4

తక్కెడ అక్కకి,

కోపం తెచ్చుకోకు. ఆ పేరు పెట్టింది నేనైనా సార్థకం చేసుకుంది నువ్వే. చిన్నప్పుడు బిస్కెట్టు విరిచి, రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసి, పెద్దదాని అంచు కొరికి సమానం చేసి మరీ ఇచ్చేదానివి. ఆ కొరికిన ముక్క ఎవరి లెక్కలోకి వస్తుందని అడిగితే మాత్రం మొట్టికాయ వేసేదానివి. ఫోన్ చేద్దామంటే మొదటి నిమిషంలోనే మాటకి అడ్డొస్తావు, రెండో నిమిషంలో పోట్లాట. ఉత్తరమైతే చివరిదాకా వినక తప్పదు.

మా ఫ్యాక్టరీకి ఒక పెద్ద పని తగిలేలా ఉంది. సముద్రం అవతల ఒక దేశంలో మంచినీళ్ళ పథకానికి నూట పన్నెండు పంపులు కావాలి. కొనేవాళ్ళ దగ్గర డబ్బు లేదు. అందుకని పోటీకి వచ్చే ప్రతి కంపెనీ తన ప్రభుత్వం దగ్గర్నుంచి ఒక హామీ పత్రం తేవాలట. మా కంపెనీ గెలిస్తే మీకు ఇంత అప్పు, ఇన్నేళ్ళ గడువుతో ఇస్తాం అని అందులో రాసి ఉండాలి. అసలు పత్రమే, ముద్రతో సహా, టెండరు కట్టలో ఉండాలి. లేకపోతే మన ధర కవరు విప్పను కూడా విప్పరు. ఆ పత్రం ఇచ్చే ఆఫీసు ఏదో, అందులో పాతికేళ్ళుగా ఎవరు పాతుకుపోయారో నీకు నేను చెప్పాలా?

పోటీలో బయటి దేశాల వాళ్ళు ముగ్గురున్నారు. మన దేశం నుంచి మేమూ, మీ రాజధానిలోని పెద్ద పంపుల కంపెనీ వాళ్ళూ.

ఇక్కడ ఫర్నేసు వారానికి మూడు రోజులే వెలుగుతోంది. మూడు వందల నలభై మందిమి ఉన్నాం. ఈ పని వస్తే నాలుగేళ్ళు ఢోకా లేదు. రాకపోతే గేటుకి తాళమేనని ఓనరు తన నోటితోనే అన్నాడు. టెండరు కాగితాలు తయారుచేసే గుమాస్తాని నేనొక్కడినే కాబట్టి క్యాంటీన్లో ఇప్పుడు నా టీ ముందు వస్తోంది. మౌల్డింగు షాపు పెద్దాయన నీకు గుర్తుండాలి, ఈ ఫ్యాక్టరీలో నన్ను వేలు పట్టి నడిపించినవాడు. ఎవర్నీ మెచ్చుకోని మనిషి. నిన్న నా భుజం మీద చెయ్యి వేసి, "కామాలు కూడా రెండుసార్లు చూడరా" అన్నాడు. చూశాను.

దరఖాస్తు పంపేశాను. టెండరు పెట్టె ఉన్నది మీ రాజధానిలోనే, ఆ దేశం వాళ్ళ రాయబార కార్యాలయంలో. మా మిగతా కాగితాలన్నీ అక్కడుండే ఓనరు అల్లుడి దగ్గర సిద్ధంగా ఉన్నాయి. హామీ పత్రం అతని చేతికే ఇవ్వండని ఒక అధికార లేఖ కూడా దరఖాస్తుకి జతచేశాను. నిన్ను సాయం అడగడం లేదు. మా ఫైలు ఏ కట్ట కిందా పడి ఉండకుండా చూడు, చాలు.

నీ మరదలికి మోకాలి నొప్పి అలాగే ఉంది. పిల్లకి మాత్రం పదేళ్ళకే నీ పోలిక వచ్చేసింది. అన్నం ముద్దలు కూడా లెక్కపెట్టుకుంటోంది.

నీ తమ్ముడు


రాజధాని,
జూన్ 11

తమ్ముడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివిన రోజే మా డైరెక్టరు గదికి వెళ్ళి, "ఆ ఫ్యాక్టరీ టెండరు గుమాస్తా నా తమ్ముడండీ" అని చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఎందుకమ్మా చెప్పారు, హాయిగా ఉన్న ప్రాణానికి" అన్నాడు. నన్ను రెండు ఫైళ్ళ నుంచీ తప్పించి, కవర్లు బయటికి పంపే డిస్పాచ్ పని మాత్రం నా దగ్గరే ఉంచాడు. అందులో నిర్ణయించేదేమీ ఉండదని ఆయన ధైర్యం.

మన దేశం వాళ్ళే ఇద్దరు ఒకే పనికి పోటీ పడ్డప్పుడు మా ఆఫీసు చూసి తీరాలి. ఒక్కో కంపెనీకి ఒక్కో ఆఫీసరు. ఇద్దరి బల్లల మధ్యా ప్లైవుడ్ అడ్డు. టీకి కూడా వేర్వేరు వేళల్లో లేస్తారు. ఒకరికి చెప్పింది రెండోవారికీ చెప్పాలి, ఒకరికి ఇచ్చింది రెండోవారికీ ఇవ్వాలి. కంపెనీ పేరు తప్ప రెండు పత్రాలూ అక్షరం తేడా లేకుండా ఒకటే. ప్రభుత్వం ఒకరి వైపు మొగ్గిందన్న మాట రాకూడదు. నువ్వు నవ్వుకుంటావని తెలుసు. నాకు మాత్రం ఈ పద్ధతంటే గౌరవం.

ఇకనుంచి పని ముచ్చట్లు రాయకు. నీ ఉత్తరాలు నేను దాచుకునేవి, దాచాల్సినవి కాకూడదు. మీ బావ రిటైరైన దగ్గర్నుంచి ఇంట్లో కుళాయిలన్నీ విప్పుతున్నారు. బిగించడానికి ప్లంబరు వస్తున్నాడు. ఇలాంటివి రాసుకుందాం. మరదల్ని మెట్లు ఎక్కనివ్వకు.

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్లు,
జూలై 22

అక్కా,

పత్రం సోమవారం వచ్చింది. టెండరు గడువు శనివారంతో అయిపోయింది.

ఏడు వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. ముద్ర చక్కగా పడింది. టెండరు పెట్టె మీ ఆఫీసుకి నాలుగు వీధుల అవతల ఉంది. మా ధర కవరు విప్పకుండానే తిప్పి పంపారు. పని మీ రాజధాని కంపెనీకి వచ్చింది. వాళ్ళ ధర పైకి చదివారట. మాది అంతకంటే తక్కువ.

పోస్టుమాన్ దగ్గర సంతకం పెట్టి తీసుకున్నది నేనే. ఆ కవరు పట్టుకుని మెషీన్ షాపు మధ్యనుంచి ఓనరు గదికి నడవాలి. అందరూ మెషీన్లు ఆపి చూశారు.

అల్లుడి చేతికి ఎందుకు ఇవ్వలేదో నీకేమైనా తెలుసా? పని సంగతి అడగొద్దన్నావు. అడిగేశాను.

తమ్ముడు


రాజధాని,
జూలై 30

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. రెండు కవర్లూ బుధవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకి, ఒకే సంచిలో, ఒకే రకం పోస్టులో బయలుదేరాయి. డిస్పాచ్ రిజిస్టరులో పక్కపక్క వరుసల్లో ఉన్నాయి. పోస్టులో జరిగిన ఆలస్యానికి మా ఆఫీసు బాధ్యత ఉండదు. ఇంతకంటే రాయడానికి నాకు అధికారం లేదు.

మనసుకి చాలా కష్టంగా ఉంది. పిల్లకి పుస్తకాలు వేరే పంపుతున్నాను.

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్లు,
సెప్టెంబరు 19

అక్కకి,

ఫర్నేసు ఆర్పేశారు. ఆర్పడమంటే స్విచ్చి తీసేయడం అనుకునేవాణ్ణి. లోపలి వేడి చల్లారడానికి నాలుగు రోజులు పట్టింది. మౌల్డింగు పెద్దాయన నాలుగు రోజులూ పొద్దున్నే వచ్చి దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఐదో రోజు రాలేదు.

నీకు రాయని సంగతి ఒకటుంది. ఇంతకాలం ఎందుకు రాయలేదంటే, రాస్తే నిజమైపోతుందేమోనని. పత్రం ఆలస్యానికి కారణం నేనేనని ఇక్కడ తేల్చేశారు. అల్లుడు వాళ్ళ మామగారితో ఏం చెప్పాడంటే, తను వెళ్ళి అడిగితే మీ కౌంటరులో, "మీ దరఖాస్తుతో అధికార లేఖ లేదు, చేతికివ్వం" అన్నారట. అంటే నేను పెట్టలేదు. మూడు వందల నలభై మంది కడుపు కొట్టింది ఒక గుమాస్తా మతిమరుపు. అందరికీ సులువుగా అర్థమయ్యే మాట కదా, ఒక్క పూటలో ఊరంతా పాకింది.

క్యాంటీన్ ఇంకా తెరిచే ఉంది. నేను కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రారు. మంగలి షాపులో నా వంతు వచ్చేసరికి కత్తెర కింద పెట్టి, "ఇవాళ్టికి ఇంతేనండీ" అన్నాడు. నా వెనక ఇద్దరున్నారు.

అక్కా, నేను ఆ లేఖ పెట్టాను. పిన్ను గుచ్చింది కూడా గుర్తుంది. కానీ కార్బన్ కాపీ కనబడటం లేదు. ఇంతమంది లేదంటుంటే, పిన్ను గుచ్చింది ఈ దరఖాస్తుకేనా, వేరే దానికా అని అనుమానం మొదలైంది. నాకు ఫైలు వద్దు, నకలు వద్దు. ఉందో లేదో ఒక్క మాట రాయి. అది ఇంకెవరికీ చూపించను. నాకు తెలిస్తే చాలు.

తమ్ముడు


రాజధాని,
అక్టోబరు 1

తమ్ముడికి ఆశీస్సులు.

ఆ ఫైళ్ళు రికార్డు గదికి వెళ్ళిపోయాయి. వాటిని చూడటానికి నాకు అనుమతి లేదు. జరిగిపోయినదాన్ని తవ్వుకుని ఆరోగ్యం పాడుచేసుకోకు. లోకం నాలుగు రోజులు అంటుంది, తర్వాత మర్చిపోతుంది. నువ్వు ఇంకో ఉద్యోగం వెతుక్కో, ఇక్కడ ఎవరికైనా చెప్పి చూస్తాను.

పిల్ల కొలతలు పంపు, స్వెట్టరు అల్లుతున్నాను. మీ బావ నిన్ను అడిగానని చెప్పమన్నారు.

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్లు,
నవంబరు 8

వదినగారికి నమస్కారాలు.

మీ తమ్ముడికి తెలియకుండా రాస్తున్నాను. నా చేతిరాత బాగుండదు, సర్దుకుని చదవండి.

ఆయనకి మీరు రాసిన ఉత్తరం చేరాక, "లేఖ లేదని అక్క రాయలేదు, ఉందనీ రాయలేదు. ఉంటే రాసేది కదా" అన్నారు. అప్పట్నుంచి ఆయన మనిషిలా లేరు. ఇంట్లో సొరుగులన్నీ లాగి నేలమీద పోసి కాగితం కాగితం చూస్తారు. మళ్ళీ సర్దుతారు. మర్నాడు మళ్ళీ పోస్తారు. పిల్ల లెక్కల నోటు పుస్తకాల్లో కూడా వెతికారు.

మొన్న గేటు దగ్గర మీటింగు పెట్టారు. వెళ్ళొద్దండీ అని కాళ్ళావేళ్ళా పడ్డాను. వెళ్ళి, అందరి ముందూ లేచి, "నేనే మర్చిపోయాను" అని ఒప్పుకున్నారు. ఎవరో బల్ల మీద కాగితం పెడితే సంతకం కూడా చేశారు. ఇంటికొచ్చి, "ఇప్పుడు తేలిగ్గా ఉంది" అన్నారు. అన్నం మాత్రం తినలేదు.

మౌల్డింగు పెద్దాయన పోయిన వారం గుండెనొప్పితో పోయాడు. ఆస్పత్రికి ఈయన పరిగెత్తుకు వెళ్తే పెద్దాయన భార్య వార్డు గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు లోపలికి రాకు నాయనా" అంది. ఈయన మెట్ల మీదే కూర్చుండిపోయారట.

వదినగారూ, పదమూడేళ్ళు కాపురం చేశాను. ఈయన గ్యాసు బండ నంబరు రాసిన చీటీ కూడా పారేయరు. ఆ లేఖ మర్చిపోయారంటే నేను నమ్మను. మీరు పెద్ద ఉద్యోగంలో ఉన్నారు, మీకు ఎన్ని ఇబ్బందులో నాకు తెలియదు. కానీ ఆయన మీ ఒక్కరి మాటే నమ్ముతారు. మా అందరి మాట కంటే మీ మాట నమ్మే అలా అయిపోయారు.

మీ మరదలు


రాజధాని,
నవంబరు 17

నాన్నా,

చిన్నప్పుడు నీకు జ్వరం వస్తే అలా పిలిచేదాన్ని. ఇప్పుడు ఆ హక్కు ఉందో లేదో తెలియదు.

నువ్వు అధికార లేఖ పెట్టావు. పిన్ను గుచ్చింది ఈ దరఖాస్తుకే. నకలు ఈ ఉత్తరంతో ఉంది. మార్జిన్లో ఉన్న రాత నాదే, నీకు చెప్పక్కర్లేదు.

రికార్డు గదిలో ఉందని రాశాను. అది నిజమే. ఆ గది తాళం చెవి నా సొరుగులోనే ఉంటుందని రాయలేదు.

ఆ బుధవారం పదకొండింటికి మీ ఓనరు అల్లుడు కౌంటరుకి వచ్చాడు. రెండు కవర్లూ అప్పటికే సంతకాలై నా బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. మీ లేఖ సరిగ్గా ఉంది. నేను చెయ్యాల్సిందల్లా సంతకం తీసుకుని కవరు ఇవ్వడం. ఈ పాతికేళ్ళలో అలా ఎన్ని ఇచ్చానో లెక్కే లేదు. కానీ ప్లైవుడ్ అడ్డుకి ఆ పక్కనున్న ఆఫీసరు తల పైకెత్తి చూశాడు. రెండో కంపెనీ మనిషి రాలేదు. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే, అందులోనూ తమ్ముడి ఫ్యాక్టరీకి ముందు ఇస్తే, రేపు ఏమంటారు? "రెండో పార్టీ రాలేదు కాబట్టి మీకూ ఇవ్వం, రెండూ పోస్టులో వెళ్తాయి" అన్నాను. ఆ మాటే నీ లేఖ మార్జిన్లో రాసి, తారీఖు, వేళ వేశాను. ఎంత న్యాయంగా చేశానో అని ఆ పూట నా మీద నాకే ముచ్చటేసింది. అది కూడా నీకు తెలియాలి.

రెండో కంపెనీ వాళ్ళ ఆఫీసు మాకు రెండు బస్‌స్టాపుల దూరం. ఫోన్ చేసి మీరూ వచ్చి తీసుకోండి అంటే అరగంటలో వచ్చేవాళ్ళు. ఇద్దరికీ ఇచ్చేసేదాన్ని. ఫోన్ మీద చెయ్యి వేశాను కూడా. తమ్ముడి కోసం తొందరపడుతోందనుకుంటారని తీసేశాను.

నువ్వు నా తమ్ముడివి కాకపోయి ఉంటే ఆ కవరు అతనికి అందేది.

అల్లుడు గొడవ చేస్తాడనుకున్నాను, డైరెక్టరు దగ్గరికి వెళ్తాడనుకున్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. మామగారి ముందు వట్టి చేతులతో నిలబడటానికి మొహం చెల్లక నీ మీదికి తోశాడని నీ సెప్టెంబరు ఉత్తరంలో చదివాను. చదివి, స్వెట్టరు అల్లుతానని రాశాను. సిగ్గుతో చచ్చిపోతున్నానని రాయాల్సిన చోట అది రాశాను. కౌంటరులో ఏం జరిగిందో బయటపడితే నా పాతికేళ్ళ మంచిపేరు పోతుందని భయం. నీ పేరు పోతూనే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను.

ఈ నకలు ఎవరికి చూపిస్తావో నీ ఇష్టం. గేటు దగ్గర అతికించు. ఎవరు వచ్చి అడిగినా రాసింది నేనేనని చెబుతాను. వచ్చే నెల ఒకటో తారీఖున డైరెక్టరుకి కూడా అంతా రాసి ఇచ్చేస్తాను. ఎనిమిది నెలల్లో ఎలాగూ రిటైరవుతాను, వాళ్ళు ఏం చేసినా పడతాను. నువ్వు మాత్రం నన్ను క్షమించానని ఒక్క ముక్క రాయి. వెంటనే కాకపోయినా సరే.

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్లు,
నవంబరు 26

అక్కకి,

నకలు అందింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. నీ మరదలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, నేను నవ్వడం చూసి ఏడ్చింది. నాకు మతి పోలేదు అక్కా. ఆ ఒక్క సంగతి కోసం ఏడు వారాలుగా నా సొరుగుల్లో నేనే దొంగలా వెతుక్కుంటున్నాను.

రెండోసారి చదివినప్పుడు నువ్వంటే అసహ్యం వేసింది. దాచుకోకుండా రాస్తున్నాను.

చొక్కా మార్చుకుని ఆ కాగితం జేబులో పెట్టుకుని యూనియన్ ఆఫీసుకి బయలుదేరాను. దారి పొడుగునా ఎవరెవరి మొహం మీద పెట్టి చూపించాలో అనుకుంటూనే ఉన్నాను. పెద్దాయన భార్యకి మొదట, తర్వాత మంగలికి, ఆఖర్న ఓనరుకి. అక్కడికి వెళ్తే ఆఫీసు ముందు బస్సు ఆగి ఉంది. మీ రాజధాని కంపెనీ వాళ్ళకి పని ఎక్కువై, మన ఫర్నేసు వాళ్ళనీ మౌల్డింగు వాళ్ళనీ అరవై రెండు మందిని తీసుకుంటున్నారట. గోడ మీద పేర్ల జాబితా అంటించారు. రేకు పెట్టెలు బస్సు పైకి ఎక్కిస్తున్నారు. నాలుగు నెలల తర్వాత ఆ మొహాల్లో మళ్ళీ రక్తం కనిపించింది.

ఆ జాబితా కింద నిలబడి మూడోసారి చదివాను. అక్కా, టెండరు షరతులు నాకు కంఠతా వచ్చు. నలభై మూడో షరతు ప్రకారం, పోటీదారుల్లో ఒకరికి వాళ్ళ ప్రభుత్వ ఆఫీసే అడ్డుపడిందని రుజువైతే మొత్తం టెండరు రద్దు. మళ్ళీ పిలవడానికి ఏడాది. ఈ కాగితం బయటికొస్తే ఆ పంపుల పని ఆగుతుంది, ఈ బస్సు వెనక్కి తిరుగుతుంది. మనకేమైనా వస్తుందా అంటే, మన ఫర్నేసుని పోయిన నెలే ముక్కలుగా కోసి లారీల్లో పంపేశారు. వచ్చేది నా పేరొక్కటే. అరవై రెండు ఇళ్ళ అన్నం తీసి నా పేరు కడుక్కోవాలి.

సామాను ఎక్కించడానికి నేనూ ఒక పెట్టెకి చెయ్యి వేశాను. క్రేన్ డ్రైవరు, పదిహేనేళ్ళ స్నేహితుడు, "నువ్వు ముట్టుకోకు" అని నా చేతిలోంచి లాక్కున్నాడు. ఆ క్షణంలో కాగితం తీసేవాణ్ణే. జేబు దాకా వెళ్ళింది చెయ్యి. బస్సు కదిలేదాకా దాన్ని అక్కడే పెట్టుకుని నిలబడ్డాను.

ఇంటికొచ్చి పొయ్యిలో వేశాను. నీ మరదలు అడ్డుపడబోయి ఆగిపోయింది. నిన్నట్నుంచి నాతో మాట్లాడటం లేదు. పోట్లాడినా బాగుండేది.

ఇప్పుడు నువ్వు కూడా నోరు మూసుకోవాలి. డైరెక్టరుకి ఏమీ రాయకు. నువ్వు రాసినా జరిగేది అదే. ఇది బతిమాలడం కాదు. నీ తప్పు ఒప్పుకుని నువ్వు తేలికపడే దారి కూడా ఇక లేదు, నాకు లేనట్టే.

క్షమించానని రాయమన్నావు. రాయలేను. ఎప్పుడైనా రాయగలిగితే రాస్తాను, నువ్వు మాత్రం ఎదురుచూడకు. అధికార లేఖ పెట్టావు అని నువ్వు రాసిన వాక్యం ఉన్న పేజీ ఒక్కటి చించి ఉంచుకుందామనుకున్నాను. అది కూడా వేసేశాను.

ఇవాళ పొద్దున పిల్లని బడికి తీసుకెళ్తున్నాను. దాని పక్క బెంచీలో అమ్మాయి చోటు మార్చుకుందట. సగం దారిలో, "నాన్నా, నిజంగా నువ్వే మర్చిపోయావా?" అంది.

"అవునమ్మా" అన్నాను.

"అమ్మ కాదంది."

"అమ్మకి తెలియదు."

కాసేపు నా మొహంలోకి చూసింది. నా చేతిలోంచి చెయ్యి తీసేసుకుని, గేటు దాకా నాలుగడుగులు ముందే నడిచింది.

తమ్ముడు